ఊరూ పేరూ లేని వ్యాసాలు

మొన్న జూన్‌లో మా అన్న కూతురు మా ఊరు ఐరాలకొచ్చి పది రోజులుంది. తోతాపురి మామిడి మీద పరిశోధన చేస్తోంది. కోతల కాలం కదా, గుజ్జు ఫ్యాక్టరీలకు కాయ తోలే ట్రాక్టర్లు రాత్రనక పగలనక మా వీధి మీదుగా పోతూనే ఉన్నాయి. ఆ రోజు పొద్దున కాఫీ తాగి వసారాలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న పిల్ల, అన్నానికి పిలిచేదాకా తల ఎత్తలేదు. ఏదో అధ్యాయం రాస్తోందనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే వెతుకుతోంది.

"రెండేండ్ల కింద చదివిన వ్యాసం చిన్నాయనా. కాయ మాగేకొద్దీ పులుపు ఎట్లా తగ్గుతుందో దాంట్లో ఒక పట్టిక ఉండాది. మూడో పేజీలో, ఎడం పక్క. పట్టిక కండ్ల ముందరే ఉండాది గానీ వ్యాసం పేరు మాత్రం గుర్తుకు రాలేదు."

"రాసిందెవరు?"

"ఎవరో రావు."

"తోతాపురి అని కొట్టి చూసినావా?"

"కొట్టినాను. రాలా."

ఆమె ఫోల్డరు చూశాను. 412 పీడీఎఫ్‌లు. వాటిలో సగానికి పైగా పేర్లే లేవు. కొన్నింటికి అంకెలూ అక్షరాలూ కలగలిసిన పొడుగాటి తోక. కొన్నింటికి ‘డౌన్‌లోడ్’, పక్కన బ్రాకెట్లో 7, 8, 9. రెండింటికి ‘ఫైనల్’. ఒకదానికి ‘సార్ పంపింది’. ముప్పై ఏండ్లు కాలేజీ లైబ్రరీలో పనిచేసినవాణ్ణి, ఆ వరస చూసేసరికి నాకు మనసు చివుక్కుమంది. నాలుగేండ్లు కష్టపడి ఏరి తెచ్చుకున్న గింజలన్నీ ఒకే గోతాంలో కలిపి పోసినట్టుంది. అన్నీ మంచి గింజలే. ఏది ఏ మడిలోదో తెలిస్తే కదా విత్తుకునేది!

వ్యాసాన్ని దాచుకోవడం వేరు, వ్యాసం గురించిన సమాచారాన్ని దాచుకోవడం వేరు. రాసినవారి పేరు, శీర్షిక, ఏ పత్రికలో, ఏ సంపుటంలో, ఏ ఏడాదిలో, ఏ పేజీల్లో. వీటన్నిటినీ కలిపి మెటాడేటా అంటారు. మన మాటలో చెప్పాలంటే వ్యాసానికి ఊరూ పేరూ. అవి లేని కాగితం ఎంత గొప్పదైనా, అవసరమైన రోజున అది మనకు లేనట్టే.

ఈ సంగతి మనకు కంప్యూటర్లొచ్చాక తెలిసింది కాదు. మా జిల్లాల్లో దీనికి అన్నిటికన్నా గొప్ప సాక్ష్యం తిరుమల కొండ మీద దొరికింది. తాళ్లపాకవారి రాగిరేకులు శతాబ్దాల పాటు గుడిలోని చిన్న రాతి గదిలో ఉండిపోయి 1920లలో మళ్లీ వెలుగులోకి వచ్చాయి. వేల సంకీర్తనలు చెక్కిన ఆ రేకుల్లో పాట ఒక్కటే లేదు. ప్రతి పాటకూ నెత్తిన రాగం పేరుంది. అధ్యాత్మ సంకీర్తనలు వేరు, శృంగార సంకీర్తనలు వేరు అన్న విభజన ఉంది. రేకులకు వరస సంఖ్యలున్నాయి. మొదటి రేకులో అన్నమయ్య ఏ శక సంవత్సరంలో పాటలు మొదలుపెట్టాడో, ఏ తిథిన కన్నుమూశాడో చెక్కి పెట్టారు. ఆ నాలుగు పంక్తులుండబట్టే 1424, 1503 అన్న రెండు ఏండ్లు ఈనాడు బడిపిల్లలకు కూడా తెలుసు. ఇప్పటికీ అన్నమయ్య పాటను పండితులు రేకు సంఖ్యతో, సంపుటం సంఖ్యతో చూపిస్తారు. ఆ సంఖ్య ఉంటే చాలు, ఏ ముద్రణ పట్టుకున్నా పాట దొరుకుతుంది.

అదే రేకుల మీద తాళం పేరు లేదు, స్వరాలు లేవు. అందుకే అన్నమయ్య ఏ పాటను ఎలా పాడాడో మనకు తెలియదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు కూర్చుని కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. చెక్కిన వివరం అయిదొందల ఏండ్లు నిలిచింది, చెక్కని వివరం పోయింది. మెటాడేటా గురించి విద్యార్థులకు చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను కంప్యూటర్ పక్కన పెట్టి ఈ రేకుల కథే చెప్పేవాణ్ణి.

తాటాకు ప్రతుల్లోనూ ఈ జాగ్రత్త ఉంది. కావ్యంలో ఆశ్వాసం ముగిసినచోట కవి ఒక గద్య రాసి తన పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు, అది ఎన్నో ఆశ్వాసమో చెప్పేవాడు. ఆకులు చెదిరిపోయి ఎక్కడో ఒక ముక్క దొరికినా అది ఎవరిదో తెలియాలని. ప్రతి రాసిన లేఖకుడు చివర తాను ముగించిన సంవత్సరం పేరు రాసేవాడు. ఇక్కడే ఒక చిక్కుంది. ‘శార్వరి’ అని మాత్రం రాస్తే అది 1900లో మొదలైన శార్వరా, 1960లోదా, మొన్న 2020లో వచ్చినదా? అరవై ఏండ్లకొకసారి తిరిగొచ్చే పేరు ఒక్కటే రాస్తే వందేండ్ల తర్వాత చదివేవాడికి చాలదు. శక సంవత్సరం అంకె కూడా పక్కన ఉంటే ఆ బాధ లేదు. మా అన్న కూతురి ఫోల్డర్లో ‘డౌన్‌లోడ్ 7’ పడే అవస్థ కూడా అచ్చం ఇదే. ఆ పేరు పెట్టిన రోజున అర్థమయ్యేంత అర్థమవుతుంది, ఏడాది తిరిగేసరికి ఏమీ చెప్పదు.

"కంప్యూటర్‌కు తెలీదా చిన్నాయనా, లోపలంతా రాసే ఉంది కదా" అంది. నిజమే, లోపల ఉంది. కాని పీడీఎఫ్ అన్నది అచ్చు కాగితానికి కంప్యూటర్లో జోడీ. ఏ అక్షరం పేజీలో ఎక్కడ పడాలి, ఎంత లావుగా పడాలి అన్నది దానికి తెలుసు. ఏది శీర్షిక, ఏది రచయిత పేరు, ఏది ఊరికే పేజీ నెత్తిన వేసిన పత్రిక పేరు అన్నది తెలియదు. ఆ వివరాలు నింపడానికి ఫైల్లో ఒక చిన్న అర ఉంటుంది కాని, దాన్ని సరిగ్గా నింపేవాళ్లు తక్కువ. చాలాసార్లు దాంట్లో టైపు చేసిన మనిషి కంప్యూటర్ పేరో, ‘వర్డ్ – ఫైనల్ 2’ అనో ఉంటుంది. ఇక పాత వ్యాసాలను స్కాన్ చేసినవైతే లోపల అక్షరాలే లేవు, అక్షరాల ఫొటో ఉంది. మనం ఏ మాట కొట్టినా అది పలకదు.

ఆ సాయంత్రం ఆమె ల్యాప్‌టాప్‌లో జొటెరో వేశాం. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో, చరిత్ర పరిశోధకుల అవసరం చూసి తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పేరు అల్బేనియన్ భాషలోంచి తీసుకున్నారు, ఒక విద్యను వశం చేసుకోవడం అని అర్థం. ఇంకా మెండలీ ఉంది, జాబ్‌రెఫ్ ఉంది. ఏది వాడినా పని తీరు దాదాపు ఒకటే. 412 ఫైళ్లనూ దాంట్లోకి ఈడ్చి పడేశాం. ఒక్కొక్క ఫైలు మొదటి పేజీలను అది చదువుతుంది, డీఓఐ అనే సంఖ్య కోసం చూస్తుంది. కనబడితే దాన్ని పట్టుకుని క్రాస్‌రెఫ్ అనే కేంద్ర చిట్టాను అడిగి ఊరూ పేరూ అన్నీ తెచ్చి నింపుతుంది. కళ్ల ముందే ‘డౌన్‌లోడ్ 8’ మాయమై రచయిత పేరు, ఏడాది, శీర్షిక వచ్చి కూర్చున్నాయి. పిల్ల మొహం వెలిగిపోయింది.

డీఓఐ అంటే ఏమిటో మా ఊళ్లో చెప్పడం సులువు. అది పొలానికి సర్వే నంబరు లాంటిది. పొలం చేతులు మారుతుంది, పాసుపుస్తకంలో పేరు మారుతుంది, గట్ల మీద చెట్లు మారతాయి. సర్వే నంబరు అదే. 1990లలో పత్రికలు ఇంటర్నెట్లోకి వచ్చినప్పుడు వ్యాసానికి వెబ్ చిరునామా ఇచ్చేవారు. సంస్థ వెబ్‌సైట్ మార్చగానే ఆ చిరునామా ఎటూ కాకుండా పోయేది. అందుకని వ్యాసానికే మారని సంఖ్య ఇవ్వాలని ప్రచురణకర్తలు కూడబలుక్కున్నారు. 1998లో దానికొక అంతర్జాతీయ సంస్థ, 2000లో క్రాస్‌రెఫ్ ఏర్పడ్డాయి. ఇవాళ క్రాస్‌రెఫ్ చిట్టాలో 15 కోట్లకు పైగా రచనల వివరాలున్నాయి. ప్రతి డీఓఐ 10తో మొదలవుతుంది, చుక్క తర్వాత ప్రచురణకర్తకు కేటాయించిన అంకెలు, ఏటవాలు గీత తర్వాత ఆ వ్యాసానికి వాళ్లు ఇచ్చుకున్న గుర్తు. అయితే సర్వే నంబరు ఉన్నంత మాత్రాన రికార్డు సరిగ్గా ఉండదు కదా. వ్యాసం చోటు మారినప్పుడు ప్రచురణకర్త కొత్త చిరునామాను చిట్టాలో రాయించాలి. రాయించకపోతే నంబరు ఉన్నా దారి ఉండదు.

డీఓఐ చేసే మేలుకు మాకు దగ్గర్లోనే మంచి ఉదాహరణ ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు వచ్చే దారిలో గాదంకి అనే పల్లె. అక్కడ 53 మెగాహెర్ట్‌జ్‌ల మీద పనిచేసే ఎమ్ఎస్‌టీ రాడార్ ఉంది. సుమారు 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో 1024 యాంటెనాలు వరసలు తీరి ఉంటాయి. ట్రోపోస్ఫియర్ నుంచి మీసోస్ఫియర్ దాకా వాతావరణం కదలికలను అది చూస్తుంది. దాని నిర్మాణాన్ని వివరించే మూలవ్యాసం 1995లో ‘రేడియో సైన్స్’ పత్రిక 30వ సంపుటంలో వచ్చింది, మొదటి రచయిత పి.బి. రావు. ఆ వ్యాసం డీఓఐ 10.1029తో మొదలవుతుంది, అది అమెరికన్ జియోఫిజికల్ యూనియన్‌కు ఇచ్చిన అంకె. 1995లో డీఓఐ అన్నదే లేదు. తర్వాత వెనక్కి వెళ్లి పాత వ్యాసాలకూ నంబర్లు వేశారు. అలా వేయబట్టే ఇవాళ ఆ వ్యాసం ఒక్క నొక్కుతో దొరుకుతుంది.

గాదంకి పరిశోధకుల అలవాటొకటి నాకు చాలా ఇష్టం. వాళ్ల వ్యాసాల్లో చాలావాటికి శీర్షికలోనే ఊరి పేరు పక్కన బ్రాకెట్లో 13.5 డిగ్రీల ఉత్తరం, 79.2 డిగ్రీల తూర్పు అని ఉంటుంది. గాదంకి ఎక్కడుందో జపాన్‌లో చదివేవాడికి తెలియనక్కరలేదు, ఇంగ్లీషులో ఊరి పేరును ఎవరెలా రాసినా ఫరవాలేదు. అక్షాంశం రేఖాంశం ఉన్నాయి. సంస్థ పేరు విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. 1992లో జాతీయ ఎమ్ఎస్‌టీ రాడార్ కేంద్రంగా మొదలై 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. కొత్త పేరుతో మాత్రమే వెతికితే మొదటి పదమూడేండ్ల పని కనబడకుండా పోతుంది.

ఇక పేర్ల దగ్గరికి వద్దాం. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ మనిషి పేరును రెండు గళ్లలో అడుగుతాయి: చివరి పేరు, మొదటి పేరు. పడమటి దేశాల్లో చివరిది వంశం పేరు, దాన్నిబట్టి వరస పెడతారు. మన తెలుగులో ఇంటిపేరు ముందొస్తుంది, అది కూడా చాలాసార్లు ఒక్క అక్షరంగా కుదించుకుని. కాబట్టి ఆ చిట్టాల్లో మన ఇంటిపేరు పోయి పొడి అక్షరం మిగులుతుంది, మన పేరు తోకలోని ‘రావు’, ‘రెడ్డి’ వంశనామాలై కూర్చుంటాయి.

యల్లాప్రగడ సుబ్బారావునే తీసుకోండి. సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’ 66వ సంపుటం 375వ పేజీలో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో తరాల తరబడి వాడిన పద్ధతి అది, వేలాది వ్యాసాల చివర దాని పేరుంటుంది. అక్కడ ఆయన ‘సుబ్బారో, వై’. యల్లాప్రగడ అన్న ఇంటిపేరు ఒక్క ‘వై’ అయింది. ఇంగ్లీషులో ఆ రెండో మాటను కలిపి రాసినవాళ్లు, విడదీసి రాసినవాళ్లు, మధ్యలో పెద్ద అక్షరం పెట్టినవాళ్లు, ‘రో’ను ‘రావు’ చేసినవాళ్లు ఉన్నారు. కంప్యూటర్‌కు ఈ ఒక్కొక్కరూ ఒక్కొక్క మనిషి. ఆయన చేసిన పనికి దక్కవలసినంత పేరు దక్కలేదని మనం బాధపడుతుంటాం. కనీసం మన సొంత గ్రంథాలయంలోనైనా ఆయన ఒక్క మనిషిగా ఉండాలి కదా.

కల్యంపూడి రాధాకృష్ణారావు కథ ఇంకొక రకం. 1945లో ‘బులెటిన్ ఆఫ్ ది కలకత్తా మేథమెటికల్ సొసైటీ’ 37వ సంపుటం 81వ పేజీలో మొదలయ్యే ఆయన వ్యాసం గణాంకశాస్త్రాన్ని మార్చేసింది. క్రామెర్–రావు హద్దు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ దాని నుంచి వచ్చినవే. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. ఆయనను ప్రపంచం ‘రావు, సి.ఆర్.’ అంటుంది. గాదంకి రాడార్ వ్యాసం రాసింది ‘రావు, పి.బి.’ ఇద్దరూ చిట్టాలో ఒకే వంశంవాళ్లలా పక్కపక్కన పడతారు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ 1945 వ్యాసాన్నే 1992లో ఒక సంకలనంలో మళ్లీ వేశారు. మీ ఫైలు ఆ సంకలనంలోదైతే సాఫ్ట్‌వేర్ ఏడాది గడిలో 1992 అని నింపుతుంది. చదివే విద్యార్థికి 47 ఏండ్ల తేడా. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్న వాదన వచ్చినప్పుడు ఆ అంకె చిన్నది కాదు. మొదటి ముద్రణ ఏడాది కోసం వేరే గడి ఉంటుంది. అది చేత్తో నింపాల్సిందే.

ఆడపిల్లల విషయంలో ఈ బాధ రెండింతలు. పెళ్లికి ముందు ఒక ఇంటిపేరుతో నాలుగు వ్యాసాలు, తర్వాత మరొక ఇంటిపేరుతో ఆరు. చిట్టా దృష్టిలో మొదటి మనిషి పని ఆపేసింది, రెండో మనిషి ఎక్కడి నుంచో ఊడిపడింది. 2012లో మొదలైన ఆర్కిడ్ దీనికి మందు. పరిశోధకులకు పదహారు స్థానాల సంఖ్య ఉచితంగా ఇస్తారు. పేరు మారినా ఊరు మారినా సంఖ్య మారదు. చివరి స్థానం ముందు పదిహేను అంకెల నుంచి లెక్కగట్టి వేసేది. మధ్యలో ఒక అంకె తప్పు కొట్టినా లెక్క కుదరదు, యంత్రం పట్టేస్తుంది. మా పిల్లకు ఆ రాత్రే ఆర్కిడ్ తీయించాను. మీ ఇంట్లో పరిశోధన చేసే ఆడపిల్ల ఉంటే మొదటి వ్యాసం పంపకముందే తీయించండి.

ఈ గళ్ల గొడవకు జొటెరోలో ఒక చిన్న వెసులుబాటుంది. పేరు పక్కన గుర్తు నొక్కితే రెండు గళ్లు ఒక్కటవుతాయి. తెలుగు వ్యాసాలు రాసినవారి పేర్లు నేను ఒకే గడిలో, ఇంటిపేరుతో సహా, పుస్తకం అట్ట మీద ఉన్నట్టే రాస్తాను. ఇంగ్లీషు వ్యాసాలకు మాత్రం అచ్చులో ఉన్న రూపాన్ని మార్చను, ఎందుకంటే ఇతరులు దాన్ని ఆ రూపంలోనే వెతుకుతారు. పూర్తి తెలుగు పేరు కింద నోట్‌లో పెడతాను.

ఊళ్ల పేర్లు మనుషుల పేర్ల కన్నా తిరుగుబోతులు. ఐరాల, పక్కనున్న కాణిపాకం, చిత్తూరు ఇవన్నీ 1911 ఏప్రిల్ 1 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లా. మదనపల్లె అప్పట్లో కడప జిల్లా. మా ప్రాంతం గుళ్ల గురించి, శాసనాల గురించి పంతొమ్మిదో శతాబ్దపు నివేదికలు కావాలంటే ‘చిత్తూరు జిల్లా’ అని వెతికి లాభం లేదు. 1882లో రాబర్ట్ సూయెల్ వేసిన పురాతన కట్టడాల జాబితాలో చూసినా మా తాలూకాలు ఉత్తర ఆర్కాటు కిందే ఉంటాయి. మళ్లీ 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. తిరుపతి వేరే జిల్లా అయింది. 2010లో ‘చిత్తూరు జిల్లాలో వేరుశనగ’ అని వచ్చిన వ్యాసంలోని పొలాలు ఇవాళ ఏ జిల్లాలో ఉన్నాయో లోపల మండలాల పేర్లు చూసి తేల్చుకోవాలి. అందుకని ఊరి గురించిన ట్యాగులో నేను జిల్లా పేరు నమ్ముకోను. మండలం రాస్తాను, పక్కన వ్యాసం నాటి జిల్లా పేరు రాస్తాను.

పంటల పేర్ల సంగతీ అంతే. మేం చెనక్కాయ అనేదాన్ని భారతీయ వ్యాసాలు ‘గ్రౌండ్‌నట్’ అంటాయి, అమెరికావి ‘పీనట్’ అంటాయి. రెండూ వెతక్కపోతే సగం లోకం కనబడదు. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం విడుదల చేసిన ‘ధరణి’ రకం, విడుదలకు ముందు వ్యాసాల్లో ‘టీసీజీఎస్ 1043’. రైతు ధరణి అంటాడు, శాస్త్రవేత్త పాత వ్యాసంలో అంకె వేస్తాడు. ఇద్దరూ మాట్లాడేది ఒకే గింజ గురించి. లైబ్రరీ శాస్త్రంలో దీనికి పాతకాలపు ఉపాయం ఉంది: ఒక వస్తువుకు ఒక్క పేరు ఎంచుకుని, మిగతా పేర్లన్నిటి దగ్గరా ‘దానికి ఇది చూడు’ అని రాసిపెట్టడం. కార్డు కేటలాగు రోజుల్లో నా చేతులతో అలాంటి కార్డులు ఎన్నో రాశాను. ఇప్పుడు అదే పని ట్యాగుతో చేయాలి.

ఫోల్డర్ల గురించి కూడా ఒక మాట. మా పిల్ల మొదట ‘గుజ్జు’, ‘నిల్వ’, ‘చిత్తూరు’ అని మూడు ఫోల్డర్లు పెట్టింది. చిత్తూరు ఫ్యాక్టరీలో గుజ్జు నిల్వ గురించిన వ్యాసం వచ్చేసరికి ఎక్కడ పెట్టాలో తెలియక మూడు చోట్లా మూడు కాపీలు పెట్టింది. ఒక కాపీలో పచ్చరంగు గీతలు గీసింది, ఇంకో కాపీలో పక్కన రాతలు రాసింది. ఈ చిక్కును వందేండ్ల కిందటే తల మీద వేసుకున్నవాడు ఎస్.ఆర్. రంగనాథన్. లెక్కల మాస్టారుగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యాడు. చదువుకోడానికి లండన్ వెళ్లినప్పుడు ఒక దుకాణంలో మెకానో బొమ్మ చూశాడు. అవే ముక్కలు, ఎలా బిగిస్తే అలాంటి బొమ్మ. పుస్తకం విషయాన్ని కూడా ముందే కట్టిన అరల్లో ఇరికించకుండా ముక్కలుగా విడదీసి, అవసరాన్నిబట్టి బిగించవచ్చని ఆయనకు తట్టింది. 1933లో వచ్చిన కోలన్ వర్గీకరణకు మూలం అదే. వస్తువు, దాని పదార్థం, దాని మీద జరిగే పని, చోటు, కాలం అని ఆయన తర్వాత ఆ ముక్కలకు పేర్లు పెట్టాడు. మామిడి, గుజ్జు, నిల్వ, చిత్తూరు, 1990లు. మా పిల్ల వ్యాసానికి ఈ అయిదు ముక్కలూ అతికినట్టు సరిపోయాయి. జొటెరోలో ఫైలు ఒక్కటే ఉంటుంది, ఎన్ని వర్గాల్లోనైనా కనిపిస్తుంది. గీసిన గీత ఒక్కచోటే ఉంటుంది.

తెలుగులో వచ్చిన వ్యాసాలకు మాత్రం యంత్రం సాయం తక్కువ. మన సాహిత్య, చరిత్ర పత్రికలు చాలావాటికి డీఓఐ లేదు. యూనికోడ్ రాకముందు ఫాంట్లతో కూర్చిన పీడీఎఫ్‌లు తెర మీద చక్కటి తెలుగులో కనబడతాయి. కాపీ చేసి పక్కన అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గజిబిజి వస్తుంది. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకున్నవి కాబట్టి, కంప్యూటర్ లోపల అది ఎప్పుడూ తెలుగు కాదు. అలాంటి వ్యాసానికి శీర్షికను, రచయిత పేరును మనం యూనికోడ్‌లో టైపు చేసి పెడితే అదే దానికి ప్రాణం. పది నిమిషాల పని. తెలుగువాళ్ల కోసం ఆ పది నిమిషాలు తెలుగువాళ్లే పెట్టాలి, ఇంకెవరూ పెట్టరు.

ఆ పది రోజుల్లో మేం పెట్టుకున్న పద్ధతి ఇది. వ్యాసం దించుకున్న వెంటనే జొటెరోలోకి రావాలి, రేపు చూద్దాం అనేది లేదు. యంత్రం నింపిన వివరాలను మొదటి పేజీతో ఒకసారి పోల్చి చూడాలి. పేర్లు, ఏడాది, పేజీలు ఈ మూడింటినీ తప్పకుండా. డీఓఐ సరిగ్గా ఉంటే ఇంకో లాభం కూడా ఉంది: తప్పులు బయటపడి ఉపసంహరించిన వ్యాసాల చిట్టా ఒకటుంది, మన దగ్గరున్న వ్యాసం దాంట్లోకి ఎక్కితే జొటెరో ఎర్రటి గీతతో హెచ్చరిస్తుంది. ట్యాగులు అయిదారుకు మించకూడదు, అవి కూడా ముందే రాసి పెట్టుకున్న పట్టీలోంచే తీసుకోవాలి. వారానికొకసారి మొత్తం ఫోల్డరును వేరే డిస్కులోకి ఎక్కించాలి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే చోటు 300 మెగాబైట్లే.

వీటన్నిటికన్నా నేను గట్టిగా పట్టుబట్టింది ఒకటుంది. ప్రతి వ్యాసం కింద రెండు వాక్యాలు నీ మాటల్లో రాయమన్నాను. ఇది నాకు ఎక్కడ దొరికింది, ఎందుకు దాచుకున్నాను. శీర్షిక క్రాస్‌రెఫ్ చెబుతుంది, ఏడాది చెబుతుంది, పేజీలు చెబుతుంది. మూడో పేజీలో ఎడం పక్క పట్టిక మనకు పనికొస్తుందని ఏ చిట్టా చెబుతుంది? ఆమెకు రెండేండ్లుగా గుర్తున్నది అదొక్కటే, ఎక్కడా రాసుకోనిది కూడా అదొక్కటే.

యంత్రానికి లొంగని ఫైళ్లు చివరికి 61 మిగిలాయి. స్కాన్లు, తెలుగువి, నివేదికలు. రోజుకు ఇరవై చొప్పున రాత్రి భోజనాలయ్యాక కూర్చున్నాం. నేను ఒక్కొక్కటీ తెరిచి మొదటి పేజీ చదవడం, ఆమె గళ్లు నింపడం. మా వదిన పక్కన కూర్చుని ఆవకాయకు ముక్కలు తుడుస్తూ వింటోంది. మూడో రాత్రి ‘డౌన్‌లోడ్ 7’ తెరిచాను. పాత పత్రిక స్కాను, అక్షరాలు కొంచెం వాలి ఉన్నాయి. శీర్షిక చదివాను. ‘బెంగళూర’ మామిడి మాగే దశలో రసాయనిక మార్పులు.

"బెంగళూరంటే మన తోతాపురే గదా" అంది వదిన, చేతిలో ముక్క అట్లే పట్టుకుని. "మా పుట్టింట్లో కలెక్టరు కాయంటారు."

పిల్ల నా చేతిలోంచి ల్యాప్‌టాప్ లాక్కుంది. మూడో పేజీకి పోయింది. ఎడం పక్క పట్టిక ఉంది. ఒక నిమిషం దాన్నే చూస్తూ కూర్చుని, తర్వాత ట్యాగుల గడి తెరిచి తోతాపురి, బెంగళూర, కలెక్టర్ అని మూడు పేర్లూ కొట్టింది. అరవంలో ఈ కాయను కిళిమూక్కు అంటారని గుర్తుచేశాను. అది కూడా చేర్చి, కింద నోట్‌లో రాయడం మొదలుపెట్టింది.